దీపాల రాకుమారి రెండో భాగం

"పాప ఏడిస్తే మాత్రం కుట్లు నిలవవమ్మా. కన్నుకే ప్రమాదం," అని చెప్పేసి డాక్టరుగారు వెళ్ళిపోయారు.

ఆరేళ్ళ పిల్లకి ఏడవొద్దని చెప్పడం తేలికే. ఏడవకుండా చూడాల్సింది షాహిస్తా.

పొదిలి దగ్గర చేలో ఆడుకుంటుంటే పత్తికట్టె గుచ్చుకుని కూతురు అర్ఫా కుడికంటికి దెబ్బ తగిలింది. పెదకాకానిలో కంటి ఆసుపత్రిలో కుట్లు వేశారు. చూపు అటూ ఇటూ కదపకుండా ఉండాలని రెండు కళ్ళకీ కట్టు కట్టారు.

పొద్దుటి నుంచి అర్ఫాది అదే పాట.

"అమ్మీ, దీపాల రాకుమారి రెండోది పెట్టు. వింటా."

మొదటి భాగం థియేటర్లలో ఆడిన పెద్ద బొమ్మల సినిమా. ఫోన్లో దొరుకుతుంది. అర్ఫాకి మాటలతో సహా కంఠతా వచ్చు.

రెండో భాగం థియేటర్ మొహం చూడలేదు. ఇరవై ఏళ్ళ కిందట నేరుగా సీడీగా వచ్చింది. బొమ్మలు నాసిరకం, రంగులు వెలవెల. చూసినవాళ్ళంతా పెదవి విరిచారు.

షాహిస్తా మాత్రం విరవలేదు. అప్పట్లో ఆమె తండ్రి హుస్సేన్ సాహెబ్‌కి పొదిలిలో సీడీల కొట్టు ఉండేది. ఎవరూ అద్దెకు అడగని ఆ సీడీ ఆమె సొంతమైంది. తల్లి పోయిన ఏడాదంతా అది పెట్టుకుని వింటూనే, కథ సగం కాకముందే, కొట్లో బల్ల మీద నిద్రపోయేది.

ఆ సంగతి కూతురికి చెప్పడమే ఇప్పుడు కొంప ముంచింది.

"ఫోన్లో లేదు బుజ్జీ. నేను చెప్తాగా. రాజ్యంలో దీపాలన్నీ ఆరిపోతాయి. అప్పుడు రాకుమారి..."

"అప్పుడు?"

"అప్పుడు... గుర్రం ఎక్కుతుంది."

"గుర్రం మొదటిదాంట్లోనే పారిపోయిందిగా! నీకు కథ రాదు!"

అర్ఫా పెదవి వణికింది.

"గుర్రం కాదు తల్లీ, పడవెక్కుద్ది," అంటూ ఒకావిడ మంచం దగ్గరికి వచ్చింది.

చివరి మంచం మీది జక్రయ్య భార్య ఆవిడ. ఆయనకి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆవిడది గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పని. ఆవిడతో పాటు ఘాటు కూడా వచ్చింది.

అర్ఫా ముక్కు చిట్లించింది.

"అక్కా, ముందు బయటికి నడవండి!" షాహిస్తా గట్టిగా అరిచింది. "ఆ ఘాటుకి పిల్ల తుమ్మితే కుట్లేం కావాలి? పనిచేసిన చీరతోనే ఆసుపత్రికి వస్తారా ఎవరైనా?"

వార్డంతా ఇటు తిరిగింది.

"ఉతికిన చీరేనమ్మా. సీజన్లో మాకు ఒంటికే పట్టేస్తది," అందావిడ. కోపం తెచ్చుకోలేదు. బయటికి వెళ్ళి, వరండాలో కిటికీ అవతల నేల మీద కూర్చుంది.

"బంగారం, ఇక్కణ్ణుంచి చెప్తా. వినపడతందా?"

"ఆఁ," అంది అర్ఫా.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ఏటి నడిమధ్యలో పడవలో దీపం కూడా ఆరిపోయిందట. రాకుమారి భయపడలేదట.

"'చీకటీ, రా, నా పక్కన కూర్చో. తెల్లారేదాకా ఇద్దరం కబుర్లు చెప్పుకుందాం' అన్నది," అంది లోగొంతుకతో.

అర్ఫా నవ్వింది. కట్టు కట్టాక నవ్వడం అదే మొదలు.

ఉండబట్టలేక షాహిస్తా అడిగింది.

"ఎన్నిసార్లు చూశారక్కా?"

"ఒక్కసారి కూడా చూళ్ళేదమ్మా. మా ఇంట్లో ప్లేయర్ ఎక్కడిది?"

ఎవరి దగ్గరో విని ఉంటుందిలే అనుకుంది షాహిస్తా. రెండు రోజులుగా ఆమెకి కంటిమీద కునుకు లేదు. వింటూ వింటూ గోడకి జారబడి నిద్రపోయింది.

లేచేసరికి సాయంత్రమైంది. అర్ఫా హాయిగా నిద్రపోతోంది. కిటికీ అవతల ఎవరూ లేరు. చివరి మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

"జక్రయ్యగారిని పంపించేశారండి," అంది నర్సు. "ఆయన ఆటోలో కూర్చుని పిలుస్తున్నా ఆవిడ కదల్లేదు. పాప నిద్రపోయేదాకా చెప్తానే ఉంది. మిమ్మల్ని లేపొద్దంది."

మర్నాడు డాక్టరుగారు కట్టు విప్పి చూశారు.

"భేషుగ్గా ఉంది. కన్ను నిలిచింది. ఏడవకుండా ఎట్లా చూశారమ్మా?"

షాహిస్తా కిటికీ వైపు చూసింది. మిరపకాయల చేతులైనా సరే, ఆవిడ చేతులు కళ్ళకద్దుకోవాలనిపించింది. పేరైనా అడగలేదే అని బాధపడి నర్సుని అడిగితే, లిడియా అని చెప్పింది.

ఇంటికెళ్ళి, పాప కన్ను పూర్తిగా మానాక అన్న యూసుఫ్‌ని గుంటూరు పంపింది. కోల్డ్ స్టోరేజీలన్నీ తిరిగొచ్చాడతను.

"సీజన్ అయిపోయిందంట షాహిస్తా. కూలీలంతా ఎవరి ఊళ్ళకి వాళ్ళు పోయారంట. లిడియా అంటే ఏ లిడియా అంటున్నారు."

చెల్లెలి మొహం చూడలేక, అతనే అటక మీద పాత అట్టపెట్టెలన్నీ దులిపి ఆ సీడీ పట్టుకున్నాడు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తెచ్చి టీవీకి పెట్టాడు.

షాహిస్తా అన్నం కలిపి అర్ఫాకి ముద్దలు పెడుతోంది. రాజ్యంలో దీపాలన్నీ ఆరిపోయాయి. పడవలో నిలబడి రాకుమారి నోరు విప్పింది.

"అమ్మీ! లిడియా పెద్దమ్మ!" అని కేక పెట్టింది అర్ఫా.

షాహిస్తా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. కళ్ళు నిండిపోయి తెర కనపడలేదు. గొంతు మాత్రం వినపడుతూనే ఉంది, ఆసుపత్రి కిటికీ అవతల విన్న గొంతే. ఇరవై ఏళ్ళ కిందట రాకుమారికి డబ్బింగ్ చెప్పింది ఆవిడేనన్నమాట.

తల్లి పోయిన ఏడాదంతా తనను నిద్రపుచ్చిన రాకుమారే, తాను బయటికి పొమ్మన్నా నొచ్చుకోకుండా, వరండాలో నేల మీద కూర్చుని తన బిడ్డ కన్ను కాపాడి వెళ్ళింది.