మగ్దలీనమ్మ భూతకాలం

“నిన్న జె వే ఏందమ్మా, నిన్న జె వే!” ఉమామహేశ్వర్లు మాస్టారు ఫ్రెంచి పుస్తకాన్ని బల్లకేసి కొట్టాడు. “‘పోతున్నా’ అంటే జె వే. ‘పోయినా’ అంటే జె స్వీ జాలే. ‘రేపు పోతా’ అంటే జిరే. ఎన్నిసార్లు చెప్పాల?”

“పోయేది ఒకటే గదా సారూ. మాటకూ మాటకూ పోలికే లేకపాయె!” అంది మగ్దలీనమ్మ.

పలకల ఫ్యాక్టరీ షెడ్డులో కూర్చున్న ఆడవాళ్లంతా నవ్వారు. మగ్దలీనమ్మ నవ్వలేదు.

మార్కాపురం రాయి కొనడానికి ఫ్రాన్సు నుంచి దొర వస్తున్నాడు. కూలీల బాగోగులు కూలీలనే అడిగి ఆర్డరు ఇస్తాడట. వాళ్ల భాషలోనే చెబితే మురిసిపోతాడని ఓనరు చెన్నకేశవులు ఈ మాస్టారును పెట్టాడు. ‘మాస్కు పెట్టుకుంటాం’, ‘నీళ్లు చల్లి కోస్తాం’ అని రోజూ వల్లింపు.

అందరూ వెళ్లాక మగ్దలీనమ్మ లేచింది.

“‘మాస్కు ఇయ్యలేదు, దుమ్ముకు నా మొగుడు సామ్యేలు సచ్చిపోయినాడు.’ ఇది ఎట్ల చెప్పాల?”

మాస్టారు వాకిలి వైపు చూశాడు. “నా నోట్లో మట్టి కొడతావా? అది పాఠంలో లేదు.”

“సామ్యేలు ఊపిరి కూడా మీ పాఠంలో లేదులే! ఇప్పుడు అదే రాయి కోసే మిషను కాడ నా కూతురు నిలబడతాంది. హన్నా దగ్గితే నాకు ఒళ్లు మండిపోతాంది. తెలుగులో అంటే దొరకు మార్చి చెప్పేది ఓనరు తమ్ముడే గదా. నా నోటితోనే చెప్పాల. నేర్పుతావా, ఆ పుస్తకం చించమంటావా?”

రెండు రోజులు మాస్టారు ముఖం చాటేశాడు. మూడో రోజు తనే పిలిచి ఒక వాక్యం చెప్పాడు.

“ఇందులో మాస్కు అనే మాట ఇనపడలేదే?”

“భూతకాలంలో అన్నీ మారిపోతాయి. పోయేదానికి మారలేదూ? అట్లనే.”

నెల రోజులు రాయి రుద్దుతూ, పళ్లు బిగబట్టి, ఆ వాక్యాన్నే నూరింది. మాస్టారు తప్పు పట్టిన ప్రతిసారీ మళ్లీ మొదలుపెట్టింది.

దొర వచ్చాడు. మిగతావాళ్లు మాస్కు పాఠం అప్పజెప్పారు. మగ్దలీనమ్మ కూతుర్ని పక్కన నిలబెట్టుకుని, ఓనరు కళ్లలోకే చూస్తూ, గొంతు వణక్కుండా చెప్పింది. ఒక్క తప్పు దొర్లలేదు. దొర జేబులోంచి పుస్తకం తీశాడు.

“రాసుకుంటున్నాడు చూడే హన్నా!” అంది మగ్దలీనమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

‘మా ఓనరు మమ్మల్ని కన్నబిడ్డల్లా చూసుకున్నారు’ అని రాసుకున్నాడు దొర.