కింద ఎడం బోల్టు

"మళ్ళీ గీత పడిపోనాది!"

త్రినాథ్ ప్లేటు మీద గోరు రాసి చూసుకుని, స్టూలు మీద కూలబడ్డాడు.

జీడిపప్పు ఫ్యాక్టరీ యంత్రానికి వేసే ఇనప ప్లేటు అది. సాయంత్రం నాలుక్కి ఇవ్వకపోతే వాళ్ళ పనులన్నీ కాశీబుగ్గలో ఇంకో షాపుకి పోతాయి.

ఇనుము చెక్కే ఈ మిల్లింగ్ మిషను సెకండ్ హ్యాండుది. కొని నెల కాలేదు. మొన్న దెబ్బ తగిలి, కట్టరు తిరిగే దాని తల పక్కకి వాలింది; అందుకే ప్లేటు మీద గీత.

మూడు రోజులుగా ఆ తల నిలబెట్టడమే పని. తలకి వంపు చూపే డయల్ కట్టి, బల్ల మీద చుట్టూ తిప్పితే ముల్లు కదలకూడదు. తల నాలుగు బోల్టులూ వదులుగా ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. బిగించాడా, ఓ పక్కకి లాగేస్తుంది.

గుమ్మంలో ఎవరో దగ్గారు.

ముసలాయన. ఎడం చేతికి తెల్ల పట్టీ. తిన్నగా లోపలికొచ్చి మిషను మీద అరచెయ్యి ఆన్చాడు.

"సెయ్యెట్టకు తాతా! ఏటి కావాల?"

"ఏటీ నేదు బాబూ. మిషను సప్పుడు ఇని వచ్చినాను."

"వాచ్‌మెన్ పనైతే నేదు."

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. డయల్ వైపే చూస్తున్నాడు.

"కింద ఎడం బోల్టు ముందు బిగించు బాబూ. దాన్ని ఆఖర్న బిగిత్తే తల తిప్పీసుకుంటాది."

"అబ్బో! నువ్వే పెంచినట్టు సెప్తన్నావే! ఎల్లెల్లు తాతా, నాకసలే బుర్ర పని సెయ్యట్లేదు."

"ఎల్తాన్లే. నందిగాం బస్సుకి యేలయిపోనాది."

తువ్వాలు తీసి, బల్ల అంచున ఉన్న ఇనప రజను తుడిచి, మెల్లగా మెట్టు దిగిపోయాడు.

త్రినాథ్ ఇంకో రెండుసార్లు తన పద్ధతిలోనే బిగించాడు. రెండుసార్లూ అదే గీత.

మూడయ్యింది. పంతానికి కూడా ఓపిక లేదు.

కింద ఎడం బోల్టు ముందు బిగించాడు. తర్వాత మిగతా మూడూ. డయల్ తిప్పాడు.

ముల్లు కదల్లేదు.

ప్లేటు అద్దంలా వచ్చింది. నాలుక్కి పది నిమిషాలుండగా ఫ్యాక్టరీలో ఇచ్చేసి, బండి బస్టాండుకి తిప్పాడు. నందిగాం బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.

ఆ బోల్టు సంగతి బయటోడికెలా తెలుసు?

మిషను ఇప్పించిన టెక్కలి బ్రోకరు శ్యాంసుందర్‌కి ఫోన్ చేశాడు.

"బావా, ఈ మిషను ఎవుల కాడ కొన్నావు?"

"నందిగాం అప్పన్న మేస్త్రీ కాడ. ముప్పయ్యేళ్ళు దాని మీదే బతికినాడు. కిడ్నీలు పోయి షాపు మూసీసినాడు. వారానికి రెండుపాల్లు మీ పలాస ఆస్పత్రికే వత్తాడు. ఏటి బావా, మిషన్ తేడా సేత్తందా?"

"నేదు బావా... బాగానే ఉంది."

"ఇంకేటి మరి. పాపం, అమ్మిన రోజున ఆ ముసిలోడు ఒకటే అడిగినాడు: ‘కొన్నోలు ఎప్పుడైనా ఓపాలి దాని మీద సెయ్యెట్టనిత్తారా బాబూ?’ అని."