బిళ్ళ ఉన్నవారికి మాత్రమే

స్వర్ణకుమారి హోటలుకు దొంగబిళ్ళలు చేయించాలని ఎర్రయ్యకు బుద్ధి పుట్టే వేళకు, అతను గల్లాపెట్టె ముందు కూర్చుని ఈగలు తోలుకుంటున్నాడు. వర్క్‌షాపు సైరను మోగి జనమంతా తిండికి బయటపడే సమయం. అయినా ఒక్కడూ ఇటు తిరగలేదు.

ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గర ఎదురెదురుగా రెండు తెలుగు భోజన హోటళ్ళు. ఒకటి ఎర్రయ్యది, రోడ్డు దాటితే స్వర్ణకుమారిది. రెండింట్లోనూ అదే పప్పు, అదే చేపల పులుసు. రైలు పనివాళ్ళు ఓ పూట ఇక్కడా ఓ పూట అక్కడా తిని ఇద్దర్నీ బతికించేవారు.

ఆ వానాకాలం స్వర్ణకుమారి తన వెనక గదికి నీలం తెర కట్టింది. పైన బోర్డు రాయించింది: 'లోపలికి బిళ్ళ ఉన్నవారికి మాత్రమే.'

అంతే, అందరి కళ్ళూ ఆ తెర మీద పడ్డాయి. లోపలినుంచి నవ్వులు వినిపించేవి, పళ్ళేల చప్పుడు వినిపించేది. బిళ్ళ కావాలని ఎవరడిగినా ఆమె నొచ్చుకుంటున్నట్టు ముఖం పెట్టి, "ఇప్పట్లో లేవు బాబూ. ఉన్నప్పుడు నిన్ను మరిసిపోనులే" అనేది. మరిచిపోకుండా ఉండాలంటే రోజూ కంటికి కనపడాలి కదా! ఫిట్టర్లూ గార్డులూ ముందు గదిలో కూర్చుని, తెర వంకే చూస్తూ రోజూ అక్కడే తినసాగారు. సాలువా పోలీసు క్యాంపు నుంచి ఓ హవల్దారు బిళ్ళ కోసమే అంత దూరం సైకిలు తొక్కుకుంటూ వచ్చాడని చెప్పుకున్నారు.

"ఆ తెర ఎనకాల ఏటి పెడతందో!" అని సొంత భార్య దాలమ్మే నిట్టూర్చేసరికి ఎర్రయ్యకు ఒళ్ళు మండిపోయింది.

ఆలోచించగా ఆలోచించగా దారి దొరికింది. బిళ్ళ కొందరికే ఉంది కాబట్టి దానికంత గొప్ప. అదే అడ్డమైనవాడి చేతిలోనూ ఉంటే? తెర వెనక తోపులాట, అసలు బిళ్ళలవాళ్ళ చిరాకులు, స్వర్ణకుమారి పరువు బజారున పడటం. తల్చుకుంటేనే అతనికి ఆకలి వేసింది.

రోజూ దర్జాగా తెర ఎత్తుకుని లోపలికి పోయే మనిషిని ఎర్రయ్య ముందే కనిపెట్టి ఉంచాడు. పేరు తిమోతి. రైల్వే వర్క్‌షాపులో లోహం తరిణె పట్టే టర్నరు, ఈమధ్యే బదిలీ మీద ఈ ఊరు వచ్చాడు. అతణ్ణి సందు మలుపులో ఆపాడు.

"తిమోతీ, నీ బిళ్ళ ఓపాలి సూపించవా?"

"అమ్మో, అది ఎవురికీ సూపించకూడదు దాదా."

"పోనీ, అలాటియి సేసి పెట్టగలవేటి? నీ కట్టం ఉంచుకోనులే."

తిమోతి బుర్ర గోక్కున్నాడు. అటూ ఇటూ చూశాడు.

"సేత్తాను గానీ దాదా, ఇత్తడి నువ్వే తేవాల."

దాలమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందె ఆ సాయంత్రమే మాయమైంది. దొంగ వెధవలెవరో ఎత్తుకుపోయారని ఆవిడ వీధిలో నిలబడి తిట్టిపోస్తుంటే, ఎర్రయ్య కూడా పక్కన నిలబడి శక్తికొద్దీ తిట్టాడు.

బిళ్ళలు తయారై వచ్చాయి. గుండ్రంగా, ముచ్చటగా, మధ్యలో చేప బొమ్మ, తాడు కట్టుకోవడానికి పైన చిల్లు. ఎర్రయ్య వాటిని రిక్షావాళ్ళకు, స్టేషను కూలీలకు, కూరలమ్మే దీదీలకు, తన హోటలుకు ఇంకా వస్తున్న ఆ కాసిని మంది పాతవాళ్ళకు పంచిపెట్టాడు. "ఎవురికీ సెప్పకు, నీ ఒక్కడికే" అని చెవిలో చెప్పి మరీ ఇచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం గడపలో నిలబడి, రాబోయే రభస కోసం ఎదురు చూశాడు.

రభస జరగలేదు. జనం బారులు తీరారు. స్వర్ణకుమారి మొదటివాడి బిళ్ళ అందుకుని, తిప్పి తిప్పి చూసి, ముఖం చాటంత చేసుకుని తెర పక్కకు జరిపింది. రెండోవాడికీ అంతే మర్యాద. తిన్నవాళ్ళు బిళ్ళలు మెళ్ళో వేసుకుని, మీసాలు దువ్వుకుంటూ బయటికొచ్చారు. అలాంటి పులుసు జన్మలో తినలేదన్నారు.

ఆ వారం గడిచేసరికి ఎర్రయ్యకు మిగిలింది గార్డు నూకయ్య ఒక్కడే. అతనూ ఓ రోజు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటీ అనుకోకు ఎర్రయ్యా. సేతిలో బిళ్ళుండగా ఇక్కడ తింటే నలుగురూ నవ్వుతారు" అనేసి రోడ్డు దాటేశాడు. ఆ బిళ్ళ ఎర్రయ్య ఇచ్చిందే.

ఇక ఎర్రయ్య ఉండబట్టలేకపోయాడు. జనం పల్చబడేదాకా ఆగి, రోడ్డు దాటి ఎదుటి హోటల్లోకి దూసుకెళ్ళాడు.

"సొర్నమ్మా! నీ కొంప మునిగిపోనాది! ఈళ్ళందరూ నీకు దొంగబిళ్ళలు సూపిత్తన్నారు!"

ఆమె కంగారు పడలేదు. "నెమ్మదన్నా, ఎవురైనా ఇంటారు" అంటూ అతణ్ణి తెర వెనక్కి తీసుకెళ్ళి బల్ల ముందు కూర్చోబెట్టింది. విస్తరి వేసి వేడన్నం, పులుసు వడ్డించింది. కోపంగానే ఎర్రయ్య ఓ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తన హోటలు పులుసుకూ దీనికీ ఆవగింజంత తేడా లేదు.

"నా మాట నమ్మవేటి? అసలు బిళ్ళ ఒకటి తీసి పక్కనెట్టి సూడు, నీకే తెలుత్తాది!"

స్వర్ణకుమారి అతని విస్తట్లో ఇంకో చేప ముక్క వేసి, నవ్వాపుకుంటూ అంది.

"అసలు బిళ్ళేటన్నా, ఇన్నాళ్ళూ ఈ తెర ఎనకాల కూకుని తిన్నది మా ఇంటోళ్ళూ, మా పిల్లని సేసుకోబోయే తిమోతీనూ. నేను బోర్డు రాయించినాను గానీ బిళ్ళన్నది ఒక్కటీ సేయించనేదు, ఈ ఊళ్ళో ఉన్నయన్నీ నువ్వు పంచినయ్యే!"