ఆ అరగంట

"ఏం చెప్పాడు? ఎక్కడికి వెళ్తున్నానన్నాడు?"

కౌన్సెలర్ రొప్పుతూ సెలూన్‌లోకి దూసుకొచ్చింది. ఆమె వెనకే వెల్డర్ భార్య, కాళ్లకి చెప్పులైనా లేకుండా.

కుర్చీలోని పెద్దాయన గడ్డానికి నురగ రాస్తున్న బార్బర్ రేడియో అద్దంలో వాళ్లిద్దరినీ చూశాడు. "కూర్చోండమ్మా, అయిపోవచ్చింది" అన్నాడు.

"కూర్చునే టైం లేదు. పొద్దున వెల్డర్ ఇక్కడికొచ్చాడా లేదా?"

"రాకపోవడమేంటి? అరగంట కూర్చున్నాడు" అన్నాడు పెద్దాయన, నురగ నోట్లోకి పోకుండా తల ఎత్తిపెట్టి. "గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు. నేను బయట బల్ల మీదున్నా, మాటలు తెలీలేదు. ఏడుస్తున్నాడని మాత్రం తెలిసింది. వీడూ ఏడ్చాడు."

వెల్డర్ భార్య గోడకి ఆనుకుంది. ఫ్యాక్టరీ పేలిన రోజు వెల్డర్ తన షిఫ్టు తమ్ముడికిచ్చి ఇంట్లో పడుకున్నాడు. తమ్ముడు తిరిగి రాలేదు. నలభై రోజులుగా వెల్డర్ ఇంట్లో నోరు విప్పలేదు. ఈ ఉదయం ఫోనూ, ఉంగరమూ, ఇంటి తాళమూ దిండు మీద పెట్టి వెళ్లిపోయాడు.

అంత భయంలోనూ కౌన్సెలర్‌కి కాస్త ధైర్యం వచ్చింది. ఎవరో ఒకరికి చెప్పుకున్నాడు, అది చాలు. పేలుడు తర్వాత మనసు బాధలు వినడానికి ఆమె తెరిచిన గది గడప తొక్కినవాళ్లు లేరు. "మాకేమన్నా పిచ్చా?" అనేశారు. అందుకే జనం ఎలాగూ వచ్చి కూర్చునే చోట్లు చూసి, టీ కొట్టావిడకీ టైలర్‌కీ రేడియోకీ ఎదుటివాళ్ల గోడు ఎలా వినాలో రెండు రోజుల క్లాసు పెట్టింది. మధ్యలో అడ్డు రావద్దు, సలహాలివ్వద్దు, విన్నది పైకి పొక్కనివ్వొద్దు. రెండు రోజులూ ఆమె ముఖం మీంచి చూపు తిప్పనివాడు రేడియో ఒక్కడే. ఒకప్పుడు కత్తెర కన్నా నోరే ఎక్కువ ఆడించేవాడని ఊళ్లోవాళ్లు అతనికా పేరు పెట్టారు. అలాంటివాడు ఇంత మారిపోయాడని ఆమెకి లోలోపల గర్వం కూడా. ఇప్పుడు సగం ఊరు అతని కుర్చీలోనే గుండె బరువు దించుకుంటోంది.

"చూడండి, ఎవరికీ చెప్పొద్దన్నది నేనే. ఇప్పుడు చెప్పమంటున్నదీ నేనే" అందామె. "మనిషి ప్రాణం మీదికొచ్చింది. చెప్పండి."

రేడియో తలూపాడు.

"ఊపడం కాదురా, చెప్పు!" పెద్దాయన గదమాయించాడు. "మాట నిలబెట్టుకునే టైమా ఇది?"

రేడియో మళ్లీ తలూపాడు.

వెల్డర్ భార్య అతని కాళ్ల మీద పడిపోయింది. "అన్నా, స్టేషన్ వైపన్నాడా? ఏటి వైపన్నాడా? ఒక్క మాట చెప్పన్నా, పరిగెత్తుకెళ్తాను. పిల్లలింకా నిద్ర లేవలేదన్నా."

కౌన్సెలర్ నేర్పిన పాఠమే ఇప్పుడు ఆమె గొంతుకి చుట్టుకుంది. కోపంతో కూడా రాని ఏడుపు నిస్సహాయతతో వచ్చింది. ఎదుటి మనిషి మీద చెయ్యి వేయకూడదని పదిమందికి చెప్పే ఆమె, రేడియో చొక్కా పట్టుకుని ఊపేసింది.

"నోరు విప్పవయ్యా! నీకు దణ్ణం పెడతాను!"

రేడియో చేతిలోని బ్రష్ జారి కింద పడింది. అతను కాళ్ల దగ్గరున్న మనిషిని చూశాడు. తర్వాత పెద్దాయన్నీ కౌన్సెలర్‌నీ చూశాడు. కళ్లనీళ్లు తిరిగాయి.

"ఈ చెల్లెమ్మని చూస్తే, అతని గురించే అడుగుతున్నారని అర్థమవుతోందమ్మా." చిన్న గదిలో అంత గట్టిగా అరవనవసరం లేదు, అయినా అరిచినట్టే అన్నాడు. "పొద్దున అతను ఏడుస్తుంటే చూళ్లేక నేనూ ఏడ్చాను, అంతే. తెలిస్తే నా కత్తికి ఎవరూ గడ్డం అప్పగించరని ఇన్నాళ్లూ దాచాను. ఆ పేలుడు రోజు నుంచి నాకు ఒక్క ముక్క కూడా వినపడదమ్మా."