రైల్వే గేటు కెమెరా

"అదిగో, మళ్లీ వచ్చింది. చూడు గంగులూ, చూడు!"

కంట్రోల్ రూమ్ అద్దం తలుపు వెనక నిలబడి ఇన్‌స్పెక్టర్ నాగబాబు గొంతు తగ్గించి అన్నాడు. లోపల గోడ నిండా తెరలు. వాటిలో ఒకదాని ముందు కానిస్టేబుల్ త్రినాథ్ కూర్చున్నాడు. ఆ తెర మీద కొత్తవలస రైల్వే గేటు కనిపిస్తోంది. అరకు వైపు నుంచి వచ్చిన పాసింజరు దిగిన జనంలోంచి, విస్తళ్లు కుట్టే అడ్డాకుల గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ వచ్చింది. తిన్నగా కెమెరా కింద ఆగింది.

కెమెరా వైపు వేలు చూపించింది. ఐదు వేళ్లూ దగ్గరికి చేర్చి పెదాలకు ఆనించుకుంది. తర్వాత పొట్ట మీద అరచెయ్యి పెట్టి గుండ్రంగా తిప్పింది.

"ఏటి సార్ అది?" హెడ్ కానిస్టేబుల్ గంగులు బుర్ర గోక్కున్నాడు.

"ఇంకా అర్థం కాలేదా? పెదాల దగ్గర చెయ్యంటే చిలుం. అంటే గంజాయి! పొట్ట మీద చెయ్యంటే సరుకు నడుముకి కట్టుకుని వస్తున్నారని."

ఇంట్లో చారు పలచబడినా కారకులెవరో ఆరా తీసే రకం నాగబాబు. అయితే ఈసారి అతని అనుమానానికి కారణం లేకపోలేదు. ఈ ఏడాది కొత్తవలసలో గంజాయి కోసం కాపు కాసిన ప్రతిసారీ, ఎవరో ముందే ఉప్పందించినట్టు సరుకు మాయమైపోయింది. రేంజ్ డీఐజీ కౌముది గారు ఏడాది చివరి నివేదిక కోసం ఇవాళే వస్తున్నారు. ఊరూరా పెట్టిన కెమెరాలు, వెతికి అప్పగించిన ఫోన్లు, కాలేజీల్లో ఆడపిల్లలకు పెట్టిన సభలు, ఆ నివేదికలో ప్రతిదాని పక్కనా ఎవరిదో ఒకరి పేరుంది. నాగబాబు పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆ సంగతి అతన్ని ముల్లులా గుచ్చుతోంది. లోపలి మనిషిని పట్టిస్తే ఆ ముల్లు ఊడుతుంది.

"కుర్రోడు మంచోడు సార్," అన్నాడు గంగులు. "సెలవులు రద్దు సేసినా కిక్కురుమన్లేదు. ఇంటికెల్తానని ఒక్కపాలి కూడా అడగలేదు."

"అదే నా అనుమానం! అందరూ గోల పెడుతుంటే వీడెందుకు అడగడు? పైగా బతిమాలుకుని మరీ ఈ తెర ముందు డ్యూటీ వేయించుకున్నాడు. ఫోన్లు బయటే పెట్టించేస్తున్నాం కదా, అందుకని ఈ దారి తొక్కారు."

అంతలో త్రినాథ్ అటూ ఇటూ చూసి, తన పొట్ట మీద తను మెల్లగా తట్టుకున్నాడు.

"చూశావా! జవాబు!" నాగబాబు గంగులు భుజం పట్టి ఊపేశాడు.

"ఆవిడికెలా కనిపిస్తాది సార్? కెమెరా ఆవిడ్ని మనకి సూపిస్తాది గానీ, మనల్ని ఆవిడికి సూపించదు కదా."

"అలవాటైన చెయ్యి, ఊరుకోదు," అని నాగబాబు కొట్టిపారేసి, ఆవిణ్ని పట్టుకోమని కొత్తవలస స్టేషన్‌కి ఫోన్ చేశాడు.

డీఐజీ కౌముది వచ్చేసరికి తెర మీద ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు ఆ గంపావిడను చెరో చెయ్యీ పట్టుకున్నారు. నాగబాబు సెల్యూట్ కొట్టి, ఆమెను తెర ముందుకి తీసుకెళ్లి, జరిగినదంతా గబగబా విన్నవించాడు.

"ఆధారం?" అందామె.

"గంప విప్పితే అదే దొరుకుతుంది మేడమ్."

గంప బోర్లించారు. అడ్డాకులు రోడ్డంతా పరుచుకున్నాయి. త్రినాథ్ తెరకేసి ఒక అడుగు వేశాడు.

ఫోన్‌లో కొత్తవలస గొంతు వినిపించింది. "ఆకులే ఉన్నాయి సార్. నడుమూ తడిమాం, ఏటీ లేదు. పేరడిగితే నోరు విప్పట్లేదు. ఊరడిగినా అంతే. మా మొహాలకేసి సూస్తన్నాది."

"ముదురు! స్టేషన్‌కి లాక్కెళ్లండి. అక్కడ అదే విప్పుతుంది," అన్నాడు నాగబాబు.

"ఆగండి." కౌముది త్రినాథ్ వైపు తిరిగింది. "ఆమె నీకు తెలుసా?"

"తెల్సు మేడమ్."

"ఆ సైగలు నీకేనా?"

"నాకే మేడమ్. ఆ కెమెరా కింద నిలబడమని సెప్పింది నేనే. సర్కారు కెమెరాని సొంతానికి వాడుకున్నాను, తప్పే. నా ఉద్యోగం తీసీండి, ఆవిడ్ని మాత్రం ఒగ్గీమనండి."

నాగబాబు ఛాతీ ఉబ్బింది. నేరం ఒప్పుకున్న మనిషి ఎదురుగా ఉన్నాడు. నివేదికలో తన పేరు అచ్చులో కనిపిస్తున్నట్టే ఉంది.

"విన్నారుగా మేడమ్! ఎన్నాళ్లుగా సాగుతోందో ఏమో!"

కౌముది మళ్లీ తెర వైపు చూసింది. తెర మీద ఆ గంపావిడ చెల్లాచెదురైన ఆకుల వంక చూడనైనా లేదు. ఒక చెయ్యి విడిపించుకుని తలెత్తింది. కెమెరా వైపు వేలు చూపించింది. వేళ్లు పెదాలకు ఆనించుకుంది. పొట్ట మీద అరచెయ్యి తిప్పింది.

"అదిగో, మన ముందే!" నాగబాబు అరిచాడు.

"ఏమంటోంది త్రినాథ్?" అంది కౌముది.

త్రినాథ్ చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

"అన్నం తిన్నావా అంటన్నాది మేడమ్, మూగది మాయమ్మ."