జెరెమియా నాలుక

"ఇది తాగుడు కాదమ్మా" అన్నాడు డాక్టర్ హరికిషన్. "మెడ దగ్గరి గడ్డ లింఫోమా, అంటే ఒక రకం క్యాన్సర్. ఆ కణాలే ఒక చెడ్డ ప్రొటీన్ తయారుచేస్తున్నయి. అది నాలుకల పేరుకుపోయింది, గుండెకు సుత పట్టింది. మాట ముద్దగా రావడం, లేస్తే తూలడం, కళ్ల చుట్టూ కమిలిపోవడం, అన్నీ దాని పనే."

మార్త కుర్చీలో బిగుసుకుపోయింది. మంచం మీద ఆమె భర్త జెరెమియా గోడకేసి చూస్తున్నాడు.

"ఏడాది కిందనే వస్తే బాగుండు. ఇప్పుడు ఫుల్ కీమో గుండె తట్టుకోదు. కొద్దికొద్దిగ ఇచ్చి చూస్తం."

ఆ ఏడాదంతా ఏం జరిగిందో మారేడ్‌పల్లిలో వాళ్ల చర్చికంతా తెలుసు. ఏళ్ల తరబడి క్వయర్ నడిపించిన మనిషికి పాట తడబడింది. చర్చి మెట్ల మీద తూలి పడ్డాడు. పెద్దలకు వైద్యం తెలియకపోయినా తీర్పు చెప్పడం బాగా తెలుసు. క్వయర్ నుంచి దించేశారు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రావద్దన్నారు. "నేను చుక్క ముట్టలేదు" అని జెరెమియా మొత్తుకున్నాడు. ఆ ముద్దమాటే అతనికి ఎదురు సాక్ష్యమైంది.

సాయంత్రం పాస్టర్ యెషయా రొట్టె, ద్రాక్షరసం తీసుకుని వార్డుకు వచ్చాడు.

"తప్పయిపోయింది బ్రదర్. కీమో షురూ అయ్యేలోపు ప్రభు సంస్కారం తీసుకోండి."

మార్త ఉండబట్టలేకపోయింది. "ఒక్కసారి డాక్టర్‌కు చూపించాలని ఎవరికీ తోచలేదు. అందరం కలిసి ఈయన్ని ఇంత దాకా తెచ్చినం."

జెరెమియా చెయ్యెత్తి ఆపాడు. "జెర ఆగు మార్తా. పాస్టర్ గారూ, నేను తాగుతున్నానని మొదట చెప్పిందెవరు? పేరు చెప్పండి. ఒకరి మీద కసి పెట్టుకొని నేను రొట్టె ముట్టను. ముందు ఆ మనిషిని క్షమించాలె."

పాస్టర్ తల దించుకున్నాడు. "ప్రార్థన చేయమని చెప్పుకున్న మాట అది. పేరు నా నోట రాదు."

"అయితే తీసుకపోండి."

పాస్టర్ రొట్టె మీద మూతపెట్టి వెళ్లిపోయాడు. మార్త కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. జెరెమియా ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వెందుకు ఏడుస్తవ్? నీ తప్పేముంది?"

నిరుడు చర్చి ఆడవాళ్ల ప్రార్థన కూటమైన స్త్రీల మైత్రిలో లేచి నిలబడి, "మా ఆయన తాగుడు మానాలని ప్రార్థించండి అక్కా" అని అందరి ముందూ ఏడ్చింది మార్తే.