పక్కింటికి చేరిన దొరసాని

సవేతా కోళ్లగూడు తలుపు తీసి లోపలికి వంగి చూసింది. దొరసాని ఈ పూట కూడా లేదు.

ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. కంచె అవతల, పక్కింటి కట్టెల దొంతి వెనక.

ఈస్టర్ వెళ్లాక ఆ ఇంట్లో అద్దెకు దిగిన ఆగ్లయా అంటే సవేతాకు మొదటినుంచీ గిట్టదు. ఎక్కడినుంచి వచ్చిందో, ఏం చేసేదో ఆ మనిషి ఎవరికీ చెప్పదు. వెంట తెచ్చుకున్నదల్లా కొన్ని ముసలి తెల్లకోళ్లు. ఈకలు రాలిపోయి, ముక్కు కొసలు కత్తిరించి ఉన్నాయి. మట్టిలో వదిలితే కాలితో గీరుకోవడం కూడా వాటికి తెలియదు. బిక్కచూపులు చూస్తూ నిలబడేవి. ఊరంతా నవ్వింది. సవేతా అందరికంటే గట్టిగా నవ్వింది.

అలాంటి కొంపకు తన దొరసాని పోవడమా?

దొరసాని నల్లటి బోసిమెడ పెట్ట. సవేతా తల్లి పెంచిన కోళ్ల సంతతిలో మిగిలింది అదొక్కటే. దానికీ వయసు మీద పడుతోంది. ఈ వేసవిలో దాని గుడ్లు పొదిగించుకోకపోతే అమ్మ కోళ్లు ఇక లేనట్టే. అదేమో గూట్లో గుడ్డు పెట్టడమే మానేసింది.

"నా కోడిని ఏం పెట్టి మచ్చిక చేసుకుందో ఆ మహాతల్లి" అంది మొగుడితో.

ఇలారియె సంకటి పాలలో కలుపుకుంటున్నాడు. "అక్కడ నీడుంది, పోయింది. కోడి మీద కూడా కుళ్లేంటే నీకు?"

"మన అల్బకరా చెట్టుకి నీడ లేదా? నువ్వూ ఆవిడ వైపేనా?"

అతను గిన్నెలోకి తల వంచుకున్నాడు. అందుకు సవేతాకు ఇంకా మండింది. లేచి కంచె దాటింది.

కట్టెల వెనక దొరసాని కొన్ని గుడ్ల మీద ఈకలు విప్పుకుని ముడుచుక్కూర్చుంది. ఆగ్లయా కంగారుగా ఎదురొచ్చింది.

"అక్కా, దానికి ఒంట్లో బాగాలేదు. కదలట్లేదు, మేత ముట్టట్లేదు. నిజమే, గుడ్డు కూడా మానేసింది. అయినా దాన్ని చంపకండి."

"జబ్బేంటి నీ మొహం. పొదుగుకొచ్చింది. పిల్లల కోసం కూర్చుంది. కోళ్లు పెంచే మనిషివి, ఆ మాత్రం తెలీదా?"

ఆగ్లయా మొహం పాలిపోయింది. పక్కనున్న మొద్దు మీద కూలబడింది.

"పిల్లల కోసమా?" అంది మెల్లగా.

"నాటకాలాడకమ్మా. నీ కోళ్ల గుడ్లు నా కోడి కింద పెట్టి, జబ్బని కబుర్లా?"

"నా కోళ్లా? అవి గుడ్లు..."

"చాల్లే ఊరుకో."

సవేతా గుడ్ల వైపు చూడను కూడా చూడలేదు. దొరసాని రెక్కలు పట్టి లాగింది. ఆ ఊళ్లో కోడిని పొదుగు మాన్పించి మళ్లీ గుడ్లకు తేవాలంటే చన్నీళ్లలో ముంచుతారు. ఆగ్లయా కళ్లముందే, ఆగ్లయా బకెట్లోనే దొరసానిని మెడదాకా ముంచి తీసింది.

"మరి ఈ గుడ్లు ఏం చేయనక్కా?"

"నువ్వే పొదుగు. నీ ఒంట్లో వేడికేం తక్కువ?"

ఆ తర్వాత ఆగ్లయా నూతి దగ్గరకు రావడం మానేసింది. ఎప్పుడు చూసినా ఒక చెయ్యి గుండెలకానించుకుని, గాజుబొమ్మలా మెల్లగా నడిచేది. ఇలారియె రోజూ నీళ్లు తోడి ఆమె గుమ్మంలో పెట్టి వచ్చేవాడు. అది చూసినప్పటినుంచి సవేతాకు ముద్ద దిగలేదు.

"ఆవిడకి గుండెజబ్బేమోనే" అన్నాడు.

"నా మోకాళ్లు పట్టేశాయని ఏడాదిగా మొత్తుకుంటున్నా. ఒక్క బకెట్టు తోడావా నువ్వు?"

ఇల్లుగలాయన సవేతా పినతల్లి కొడుకు. అతని చెవిలో సవేతా రెండు మాటలు ఊదింది. అతను ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఆదివారం దాకా ఆగమని ఆగ్లయా బతిమాలింది. ఎందుకో మాత్రం చెప్పలేదు.

సోమవారం పొద్దున్నే ఆమె అరద్ పట్నం బస్సెక్కింది. తెల్లకోళ్ల పెట్టె మోసుకుని ఇలారియె కూడా బస్సు దాకా వెళ్లాడు. పీడ విరగడైందనుకుంటూ సవేతా గుమ్మంలో నిలబడింది.

అతను తిరిగొచ్చేసరికి చేతిలో శాలువా కప్పిన బుట్ట ఉంది. సవేతా శాలువా ఎత్తింది. లోపల నల్లటి బోసిమెడ పిల్లలు కీచుమంటున్నాయి.

"ఇవి దొరసాని పిల్లలు" అంది.

"కట్టెల వెనక దాచుకున్నవి దాని గుడ్లేనే. ఆవిడ కోళ్లకి గుడ్లు ఎప్పుడో ఉడిగిపోయాయి. నువ్వు పొదగమన్నావని రవికలో, గుండెలకానించి పొదిగిందట. పిల్లలయ్యేదాకా పక్కమీద సరిగ్గా ఒరగనైనా లేదట. బస్సు దగ్గర చెప్పేదాకా నాకూ తెలీదు."

సవేతా ఒక పిల్లను అరచేతిలోకి తీసుకుంది. అమ్మ కోళ్లు నిలిచాయి. సంతోషించాల్సింది పోయి, ఇప్పుడు కూడా ఆమెకు కడుపు మండింది.

"కోళ్ల మీద అంత చెయ్యి తిరిగిన మనిషికి, పొదుగుకొచ్చిన కోడి తెలీలేదంటే నేను నమ్మాలా?"

ఇలారియె గడప మీద కూర్చుని టోపీ తీశాడు.

"పట్నం అవతల కోళ్ల షెడ్డులో, గుడ్డు మానేసి ముడుచుక్కూర్చున్న ప్రతి కోడినీ జబ్బు కోడని ఏరి కోతకు పోయే లారీ ఎక్కించడమే బతుకంతా ఆవిడ పనట, అందులో పిల్లల కోసం కూర్చున్నవీ ఉంటాయని ఆవిడకి చెప్పిన మొదటి మనిషివి నువ్వేనట."